రెండు స్పెయిన్ నాణేలు, నిమ్మకాయంత చింతపండు

ఐర్లండులో డబ్లిన్ శివారున క్లోనీ అనే ఊళ్ళో ఉండే డాక్టర్ హనుమత్ప్రసాద్ గారి చేత ఒక్క మాట ఖాయంగా చెప్పించినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. తప్పు ఆయనది కాదు, వృత్తిది. ఆయన రేడియాలజిస్టు. డబ్లిన్‌లో ఒక ప్రభుత్వాసుపత్రిలో చీకటి గదిలో కూర్చుని, ముక్కూ మొహం తెలియని జనం ఎముకలనూ ఊపిరితిత్తులనూ తెర మీద చూసి రిపోర్టులు రాస్తారు. ఆ శాస్త్రంలో మొదటి సూత్రం ఏమిటంటే, కనబడేదాన్ని కనబడుతోందని రాయకూడదు. కనబడుచున్నట్లు తోచుచున్నదని రాయాలి. ఎముక రెండు ముక్కలై చెరో దిక్కు చూస్తున్నా "విరిగి యుండుటకు అవకాశము కలదు" అనాలి. చివర "తక్కిన లక్షణములతో సరిచూచుకొనవలెను" అని ఒక వాక్యం తగిలించి, బరువంతా వైద్యం చేసే డాక్టరు నెత్తిన పెట్టి, తాను టీ తాగడానికి లేవాలి.

ఈ సూత్రాన్ని ఏళ్ళ తరబడి నిష్ఠగా పాటించేసరికి అది ఆయన ఒంటికి పట్టేసింది. పప్పులో ఉప్పు సరిపోయిందా అని భార్య ధరణి అడిగితే, సరిపోకపోయిందనడానికి గట్టి ఆధారాలు లేవంటారు. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని మామగారు అడిగినప్పుడు కూడా, అభ్యంతరకరమైన లక్షణాలేవీ కనిపించలేదన్నారట. ధరణి ఆ మాట మర్చిపోలేదు. మర్చిపోయే ఉద్దేశం ఉన్నట్టు కూడా తోచదు. ఆవిడ ఊరి అంచున ఉన్న డేటా సెంటర్లో యంత్రాలు వేడెక్కకుండా చూసే ఇంజినీరు. అవునంటే అవును, కాదంటే కాదు అనే లోకం ఆవిడది. ఈ రెండు లోకాలకూ కలిపి ఆమని అనే కూతురు పుట్టింది. ఆ పిల్లకు తెలుగు బాగానే అర్థమవుతుంది గాని, జవాబు మాత్రం ఐరిష్ యాసలో ఇంగ్లీషులో వస్తుంది.

హనుమత్ప్రసాద్ గారికి ఒక్క విషయంలో మాత్రం సందేహాలుండేవి కావు. అవి పాత నాణేలు. బాపట్లలో తాతగారి విక్టోరియా రూపాయిని గోటి మీద ఎగరేసి చెవిదగ్గర మోగించిన రోజుల నుంచీ ఉన్న పిచ్చి అది. ఐర్లండు వచ్చాక ఆ పిచ్చి రాణిని వదిలి స్పెయిన్ రాజుల మీదికి మళ్ళింది. నాలుగు వందల ఏళ్ళ కిందట స్పెయిన్ వాళ్ళు దక్షిణ అమెరికా కొండల్లో వెండి తవ్వించి, దాన్ని కడ్డీలుగా పోసి, ముక్కలుగా నరికి, ఒక్కో ముక్కనూ అచ్చు మీద పెట్టి సుత్తితో కొట్టించారు. అందుకని ఆ నాణెం ఏదీ గుండ్రంగా ఉండదు. ఒకదాని మీద సిలువ సగమే పడుతుంది, ఇంకోదాని మీద సింహం తల బయటికి పోతుంది. మనుషుల బొటనవేలి ముద్రల్లాగే ఏ రెండూ ఒకేలా ఉండవు. ఈ సంగతంతా ఆయన ఇంటికి భోజనానికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేవారు. రెండోసారి భోజనానికి వచ్చినవాళ్ళకూ చెప్పేవారు.

ఆయన దగ్గర అలాంటి నాణెం ఒకటి ఉంది. ఒక హోటల్లో జరిగిన నాణేల సంతలో, మంచి టై కట్టుకున్న పెద్దమనిషి దగ్గర కొన్నారు. మఖమల్ పరిచిన చెక్కపెట్టె, బంగారు అంచున్న సర్టిఫికెట్ దానితో పాటే వచ్చాయి. సిలువ నిండుగా పడింది, సింహాలు రెండూ తలా తోకా సహా క్షేమంగా ఉన్నాయి. తూకం వేస్తే సరిగ్గా పుస్తకంలో చెప్పినంత తూగింది. నకళ్ళు పోసేవాళ్ళు కూడా అదే పుస్తకం చదువుతారన్న సంగతి మాత్రం ఆయనకు తట్టలేదు. పాస్‌పోర్టులు పెట్టే గోడబీరువాలో, అంటే ఆ దేశపు మాటలో ప్రెస్‌లో, ఆ పెట్టెకు అగ్రస్థానం.

ఈ ఖ్యాతి గోడ దాటి పక్కింటికి కూడా పాకింది. పక్కింట్లో ఉండేది మోయిరా గాలగర్. డెబ్భై దాటిన మనిషి. ఆ ఊళ్ళో అందరూ ఆవిడను మోయిరా అనే పిలుస్తారు. హనుమత్ప్రసాద్ గారికి పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి నోరు రాక, ఇంగ్లీషు మాటల మధ్యలోనే "మోయిరా గారూ" అనేవారు. అదేదో భారతదేశపు బిరుదు అనుకుని ఆవిడ సంతోషంగా స్వీకరించింది. ఆవిడ భర్త డెజ్మండ్ కిందటి చలికాలంలో పోయాడు. ఆ ఇంటి చావుకు ధరణి ఒక గిన్నెడు పులిహోర చేసి పట్టుకెళ్ళింది. అది శవం ఉన్న ఇంట్లో పెట్టకూడని వంటకమేమో అని దారి పొడుగునా భయపడింది గాని, అక్కడ గిన్నె ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆగస్టులో ఒక గురువారం సాయంత్రం మోయిరా పిప్పరమెంటు బిళ్ళల డబ్బా ఒకటి పట్టుకుని వచ్చింది. డబ్బాలో దూది, దూదిలో నల్లగా, వంకరగా, కాలిన అట్టుముక్కలాంటి నాణెం. డెజ్మండ్ పెళ్ళికి ముందు స్లైగో తీరాన అన్నగారి పడవ మీద చేపలు పట్టేవాడు. ఆ నాణెం వలలో పడిందట. ఒక డాన్సు హాల్లో మోయిరాను మొదటిసారి కలిసినప్పుడు అతను జేబులోంచి తీసి చూపించింది అదే, చెప్పిన మొదటి కథ కూడా అదే. స్పెయిన్ ఓడలు పూర్వం ఆ తీరాన మునిగిన మాట నిజమే గనక కథ చక్కగా అతికింది. అయితే అన్నగారు ఫింటన్‌కు అతకలేదు. ఇలాంటివి సముద్రతీరం దుకాణాల్లో పిల్లలకు అమ్ముతారని, తమ్ముడు పిల్లను పడగొట్టడానికి ఒకటి కొన్నాడని, ప్రతి పెళ్ళిలోనూ ప్రతి చావులోనూ నలుగురినీ నవ్వించేవాడు. నవ్వి నవ్వి ఆ కథే ఆ ఇంట్లో ఒక వేళాకోళం అయిపోయింది. డెజ్మండ్ కొన్నాళ్ళు వాదించి, కొన్నాళ్ళు ఊరుకుని, ఆఖరికి నాణేన్ని డబ్బాలో పెట్టి ఆ ఊసే ఎత్తడం మానేశాడు.

ఇప్పుడు మోయిరా దాన్ని మ్యూజియంలో ఇద్దామనుకుంటోంది. దొరికింది ఫలానా డెజ్మండ్‌కని వాళ్ళ చేత రాయించాలని ఆవిడ కోరిక. కాని అది బొమ్మ నాణెమైతే, పోయినవాణ్ణి మళ్ళీ పదిమందిలో నవ్వులపాలు చేసినట్టవుతుంది.

"మా ఆయన నాకు చెప్పిన మొదటి మాట నిజమో కాదో తెలియాలి డాక్టర్. అబద్ధమైతే చెప్పేయండి, నేను తట్టుకుంటాను. అయితేనేమో, అయ్యుండొచ్చునేమో అని మాత్రం చెప్పకండి" అంది.

అడగరాని మనిషిని అడగరాని మాట అడిగింది.

ఆగస్టు పొద్దు ఇంకా చాలా ఉంది. హనుమత్ప్రసాద్ గారు వంటింటి కిటికీ దగ్గర తెల్ల పింగాణీ పళ్ళెం పెట్టి, అందులో మోయిరా నాణేన్నీ, పక్కన కొలబద్దగా తన నాణేన్నీ ఉంచి శాస్త్రోక్తంగా పరీక్షకు కూర్చున్నారు. తనది పుస్తకంలో ఉన్నంత తూగింది, ఆవిడది తక్కువ తూగింది. తనదాన్ని గోటితో మీటితే గుడిగంటలా మోగింది, ఆవిడది పెంకుముక్కలా టక్కుమంది. తన దాని మీద సింహాలు చక్కగా కూర్చుని ఉన్నాయి. ఆవిడ దాని మీద సింహాలు సరే, సిలువ కూడా ఊహించుకోవలసినదే. చూడగా చూడగా ఆయన గుండె బరువెక్కింది. నకలు అనుటకు అనుకూలముగా నున్నది, అని మనసులో రిపోర్టు తయారైంది. దాన్ని ఆ పెద్దావిడ మొహం మీద ఎలా చదవాలో తెలియక, పళ్ళెం అక్కడే వదిలేసి, పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోయారు.

ఆ పొద్దు శ్రావణ శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. ధరణి సెలవు పెట్టింది. కలశంలో వెండి బిళ్ళలు వెయ్యాలి. ఏటా వేసేవి, అంతకుముందున్న చెర్రీవుడ్ అపార్ట్‌మెంట్ లీజు అయిపోయి ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ ఏ అట్టపెట్టెలో ఉన్నాయో అమ్మవారికే తెలియాలి. కిటికీ దగ్గర చూస్తే పళ్ళెంలో రెండు వెండి నాణేలు. ఎవరో సర్దిపెట్టినట్టే ఉన్నాయి. రెండోది ఎవరిదో ఆవిడకు తెలియదు. మోయిరా వచ్చి వెళ్ళినప్పుడు ఆవిడ ఇంకా ఆఫీసులోనే ఉంది, తర్వాత భర్త నోరు విప్పలేదు. ఎందుకైనా మంచిదని ఫోన్ చేసి, ఈ వెండి పూజలో పెట్టొచ్చా అని అడిగింది. ఆయన ఎవరిదో ఛాతీ చూస్తున్నారు. మాట సగమే చెవిన పడింది. అలవాటు కొద్దీ జవాబు చెప్పారు.

"పెట్టకూడదనడానికి స్పష్టమైన కారణమేమీ కనబడట్లేదు."

ఆయన ఆయుష్షు మొత్తంలో ఆయన మాటను ఎవరైనా అవును కింద తీసుకోవడం అదే మొదలు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇల్లంతా అగరొత్తుల వాసన, పూర్ణాల వాసన. హనుమత్ప్రసాద్ గారు చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, అమ్మవారికి దణ్ణం పెట్టబోయి చేతులు సగంలో ఆపేశారు. కలశం ముందు తమలపాకు మీద రెండు నాణేలు తళతళ మెరుస్తున్నాయి.

"ధరణీ, వీటిని ఏం చేశావు?"

"తోమాను. అమ్మవారి ముందు నల్లడబ్బు పెట్టమంటారా? నిమ్మకాయంత చింతపండు నానేసి, ఉప్పేసి, విభూతితో గట్టిగా రుద్దాను. మిమ్మల్ని అడిగే కదా పెట్టాను?"

పాత నాణేన్ని తోమడమంటే తాళపత్రాన్ని ఉతికి ఆరేసినట్టు. ఈ సంగతి ఆయన భోజనానికి వచ్చిన అతిథులందరికీ చెప్పారు, ఇంట్లోవాళ్ళకు చెప్పడం మరిచారు. అందులో ఒకటి పక్కింటావిడదని, చనిపోయిన భర్త గుర్తని ఆయన చెప్పగానే ధరణి సోఫాలో కూలబడింది. మరి ఆ ముక్క పొద్దున ఫోన్లో ఎందుకు చెప్పలేదని నిలదీసింది.

ఆయన తలవంచుకుని నాణేలు చేతిలోకి తీసుకున్నారు. కిటికీ దగ్గరికి వెళ్ళారు. చూశారు. భూతద్దం తెచ్చుకుని మళ్ళీ చూశారు.

కాలిన అట్టుముక్క తెల్లటి వెండి అయి కూర్చుంది. సుత్తి రెండుసార్లు పడ్డ గుర్తు, సిలువ ఒక చెయ్యి రెండుగా చీలినట్టు పడ్డ గుర్తు, అంచున ఉలితో నరికిన మొరటు గాటు అన్నీ బయటపడ్డాయి. వెండి మీద సన్నటి గుంటలు, ఉప్పు నీళ్ళు ఏళ్ళూ పూళ్ళూ కూర్చుని తిన్నట్టు. తూకం తగ్గిందంటే తగ్గదూ మరి. రెండో నాణెం, అంటే మఖమల్ పెట్టెలో నివసించే మహారాజు, వేరే రకంగా మెరుస్తోంది. ఎత్తుగా ఉన్నచోటల్లా పైపూత చెరిగి లోపలి ఇత్తడి తొంగి చూస్తోంది. రెండు సింహాలకూ కామెర్లు వచ్చాయి. అంచు చుట్టూ భూతద్దంలో సన్నటి గీత కనబడింది. రెండు అచ్చులు కలిపి లోహం పోసినప్పుడు మిగిలే అతుకు అది, ఆకురాయితో అరగదీసినా పూర్తిగా పోలేదు. గుడిగంటలా మోగిందంటే ఎందుకు మోగదు? గుడిగంట కూడా ఆ జాతిదే.

ఆయన తన దొంగ కొలబద్దతో ఆవిడ దొర నాణేన్ని కొలిచారన్న మాట.

ఆమనిని పిలిచి, ఫోన్లో వెతికి పెట్టమన్నారు. ఆ పిల్ల రెండు పూర్ణాలు తినేలోపే ఒక బొమ్మల దుకాణం వాళ్ళ పేజీ పట్టుకుంది. అక్కడ ఓడదొంగల టోపీల పక్కన అదే నాణెం డజన్ల లెక్కన అమ్ముతున్నారు. అవే సింహాలు, అదే సిలువ, కుడివైపు అంచున వెంట్రుకంత అదే పగులు. కవలలకు కూడా ఒకే చోట పుట్టుమచ్చ ఉండదు. సుత్తితో కొట్టిన నాణేలకు ఒకే చోట పగులు అసలే ఉండదు.

"సేమ్ క్రాక్ అండ్ ఆల్, డాడ్" అంది ఆమని. ఆయన మొహం చూసి జాలిపడి, "యూర్ గ్రాండ్" అని, అంటే ఏం ఫరవాలేదని, భుజం తట్టింది.

సర్టిఫికెట్ మాత్రం అసలుదే. కాగితం మంచిది, అచ్చు కూడా చక్కగా పడింది.

ఆశ్చర్యమేమంటే, అంత ఘనమైన ఆస్తి గంటలో బొమ్మ అయిపోతే పడవలసిన దుఃఖం ఆయనకు పట్టలేదు. ఆయన మనసంతా రెండోదాని మీదే ఉంది. అది వెండే. కాని వెండి నిజమైనంత మాత్రాన వల నిజమని ఎలా చెప్పడం? అసలు నాణేన్ని కూడా ఎక్కడో కొనుక్కోవచ్చు. ఫింటన్ లాంటివాడు ఆ మాట అనకుండా ఊరుకోడు. ఆ ఆలోచనలో ఉండగా ధరణి సోఫాలోంచి నీరసంగా, ఆ నల్లది నానేసినప్పుడే తనకు అనుమానం రావలసిందంది. ఎందుకని అడిగితే, ఒకటి ఊరికే ఊరుకుందట, నల్లదాని మీంచి మాత్రం సోడాలో లాగా బుడగలొచ్చాయట.

హనుమత్ప్రసాద్ గారు భూతద్దంతో ఒక్క అంగలో కిటికీ దగ్గర ఉన్నారు. పులుపు తగిలితే బుడగలొచ్చేది సున్నానికి. వెండి మీద సున్నం ఎక్కణ్ణించి వస్తుంది? సిలువ మూలలో, విభూతి చేరలేని సందులో, బియ్యపు నూకంత తెల్లటి గొట్టం ఒకటి ఇంకా అతుక్కుని ఉంది. సముద్రం అడుగున రాళ్ళకూ పడవలకూ పట్టుకుని ఒక రకం పురుగు కట్టుకునే సున్నపు గూడు అది. పిల్లలకు బొమ్మ నాణేలమ్మే దుకాణాల్లో ఆ పురుగు కాపురం పెట్టదు.

ఆ సాయంత్రమే దంపతులిద్దరూ పక్కింటికి వెళ్ళారు. ధరణి చేతిలో పూర్ణాల పళ్ళెం ఉంది. అపరాధం పెద్దది గనక పళ్ళెం కూడా పెద్దదే తీసుకుంది. హనుమత్ప్రసాద్ గారు కూర్చోకుండానే డబ్బా బల్ల మీద పెట్టారు.

"మోయిరా గారూ, ఇది అసలు నాణెం. సముద్రంలోంచే వచ్చింది."

మోయిరా ఆయన మొహంలోకి చూస్తూ ఆగింది. ఆయన సంగతి ఆవిడకు తెలుసు. తోక ఒకటి రావాలి.

"అయితే?" అంది ఆఖరికి.

"అయితే ఏమీ లేదు."

ఆవిడ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోవడం మర్చిపోయింది. ఆ తర్వాత ఆయన చింతపండు సంగతి విన్నవించి, తప్పంతా తన జవాబుదేనని ఒప్పుకుని, తన నాణేనికి పట్టిన గతి కూడా చెప్పారు. ధరణి మధ్యలో రెండుసార్లు సారీ చెప్పి, రుద్దింది తన చేతులేనని అంది. మోయిరా అంతా విని, ఆ మెరుపును వేలితో తడిమి, ఆవిడ చేతులకు తానెప్పుడూ రుణపడి ఉంటానంది. తోమకపోతే డాక్టరు తనకు రేపు ఏం చెప్పి ఉండేవాడో ఊహించగలనంది. ఆ మాటకు హనుమత్ప్రసాద్ గారు పూర్ణం ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నారు.

మరుసటి వారం ముగ్గురూ బస్సెక్కి సిటీలోని మ్యూజియానికి వెళ్ళారు. నేలలోనో నీళ్ళలోనో పాత వస్తువు దొరికితే రోజుల్లోనే చెప్పాలని ఆ దేశపు చట్టం. దశాబ్దాలు దాటినందుకు గార్డులు వస్తారేమో, అంటే పోలీసులు, అని మోయిరా దారిలో బెంగపడింది. మ్యూజియంలో వాళ్ళను కూర్చోబెట్టినావిడ వయసులో చిన్నదే గాని నెమ్మదస్తురాలు. నాణేన్ని దీపం కింద పెట్టి చాలాసేపు చూసింది, ఆ తెల్లటి గొట్టం దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగింది. అసలుదేనంది, ఎప్పటిదో పరీక్షలన్నీ అయ్యాక చెబుతానంది. దీన్ని ఎవరు శుభ్రం చేశారని అడిగితే ధరణి పాఠం చెప్పే పిల్లలా లేచి నిలబడి మొత్తం పద్ధతి వివరించింది. విభూతి దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయి కళ్ళు మూసుకుంది. ఇంకెప్పుడూ అలా చెయ్యకండి అని మెత్తగా చెప్పి, చెప్పడం కొంచెం ఆలస్యమైందన్న మాట కూడా మెత్తగానే అని, కలం తీసుకుంది.

దొరికింది ఎవరికని అడిగింది.

మోయిరా నిటారుగా కూర్చుంది. డెజ్మండ్ గాలగర్ అని, పేరు మొత్తం, గుళ్ళో చదివినట్టు చెప్పింది. ఎలా దొరికిందని ఆ అమ్మాయి అడిగింది. వలలో, అని ఫింటన్‌కూ ఊరికీ అందరికీ తెలిసిన జవాబే వస్తుందని హనుమత్ప్రసాద్ గారు అనుకున్నారు. మోయిరా అక్కడితో ఆగలేదు.

"ఆయనకు సముద్రం పడేది కాదమ్మా. చేపలు పట్టే వంశంలో పుట్టి, పడవెక్కితే చాలు కడుపులో తిప్పేది. ఆ రోజు వల పైకి లాగుతుంటే అంచు మీద వంగి వాంతి చేసుకుంటున్నాడు. అందరూ చేపలు చూస్తున్నారు, ఈయన ఒక్కడే వల అడుగు చూస్తున్నాడు. అందుకే ఈయనకు కనబడింది. అన్నకు ఆ ముక్క చెప్పలేక కథలో అది మింగేసేవాడు. ఏదో దాస్తున్నాడని అన్నకు తెలిసిపోయేది, అందుకే నమ్మలేదు. నాకొక్కదానికే చెప్పాడు. అది కూడా కల్పనేనేమోనని ఇన్నాళ్ళూ నాకూ లోపల ఉండేది."

ఆ అమ్మాయి రాయడం ఆపి, ఇది కూడా రాయమంటారా అని అడిగింది.

"రాయండి. అదే ముఖ్యం. అన్నగారు ఇంకా బతికే ఉన్నాడు, అడ్రసిస్తాను, కాపీ ఒకటి ఆయనకు పంపండి" అంది మోయిరా.

ఆ అమ్మాయి కుర్చీ దగ్గరికి లాక్కుని, కొత్త కాగితం తీసి, అయితే మొదటి నుంచీ చెప్పమంది. మోయిరా కోటు గుండీలు విప్పుకుని, ఆ రోజు గాలి ఏ వైపు నుంచి వీచిందో, అక్కణ్ణించి మొదలుపెట్టింది.